పంతొమ్మిదో ప్రశ్న

ఇరవై తొమ్మిదో ప్రశ్న దగ్గర ఫోన్ మోగింది. ఎవరిదో రాంగ్ నంబరు. పెట్టేశాక తెర ఇంగ్లీషులో ఏదో అడిగింది, వినుత ఏదో నొక్కింది. అంతే, ఫోన్లో నింపిన ఫారమంతా మాయం. అరగంటలో ఇది మూడోసారి. బర్గూరు ఎండలో, గ్రానైట్ క్వారీ గట్టు మీద సర్వేకు కూర్చున్న ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

"మల్లా పోయిందామ్మా?" అన్నాడు జయరామప్ప, రాళ్ళు కొట్టే మనిషి. ఈ ఆరోగ్య సర్వే ఫారాలు క్వారీ ఆఫీసుకు కూడా పోతాయని విన్నాడు కాబట్టి, మూడుసార్లూ తనకు ఏ జబ్బూ లేదనే చెప్పాడు.

"పోయింది జయరామప్పా. పేరు మొదలుకొని అన్నీ మల్లా చెప్పల్ల."

"నేను చెప్పిందేదీ దాంట్లో లేదా?"

"ఒక్క అక్షరం లేదు. ఏం ప్రోగ్రామో ఏమో, ఫోనొస్తే చాలు, అంతా మరిచిపోతాది."

జయరామప్ప షెడ్డు కింద తింటున్న మేస్త్రీ వైపు ఒకసారి చూసి, కాస్త దగ్గరికి జరిగాడు.

"సరే, అడుగు."

పేరు, ఊరు, వయసు. వినుత నీరసంగా నొక్కుకుంటూ పోయింది. పంతొమ్మిదో ప్రశ్న వచ్చింది.

"దగ్గు. లేదని వేసుకుంటా."

"ఉంది."

ఆమె తలెత్తింది. "మూడుతూర్లూ లేదంటివే?"

"ఉందమ్మా. మూడేండ్లైంది. పండుకుంటే ఊపిరాడదు. పోయిన నెల నుంచి రక్తం గూడా పడతా ఉంది. తెలిస్తే రేపట్నుంచి పనికి రావద్దంటారు. ఇంట్లో గూడా చెప్పలేదు."

వినుత అతను చెప్పినవన్నీ నొక్కింది. ఆఖరి ప్రశ్న అయ్యీ కాకముందే మళ్ళీ ఫోన్. ఈసారి హోసూరు సర్వే ఆఫీసులో ప్రోగ్రాం రాసే అనంతకుమార్.

"వినుతా, నీకు ఒకటి చెప్పేది మరిచినాను. కాల్ అయినాక పాతదా, కొత్తదా అని అడుగుతాది. పాతది నొక్కు. యాడ ఆపినావో ఆడికే వస్తాది."

ఇంతసేపూ ఆమె కొత్తదే నొక్కుతోంది. ఈసారి పాతది నొక్కింది. పేరు, ఊరు, దగ్గు, రక్తం, ఏదీ చెక్కుచెదరలేదు. వినుతకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులోనే 'పంపు' కూడా నొక్కేసింది.

"అన్నీ ఉండాయి జయరామప్పా. పంపేసినాను. ఇంక అడగను, నువ్వు అన్నం తిను."

జయరామప్ప డబ్బా మూత తీయలేదు.

"అది మరిచిపోతాదనే గదమ్మా, నీతో చెప్పుకున్నాను" అన్నాడు.