ఖాళీ పళ్లెం

ఉద్యోగం పోయిందన్న మాట నీరజ్ హెచ్‌ఆర్ వాళ్ల నోట వినకూడదని, టీమ్ లీడ్ రేణు అతన్ని అల్ఫారెట్టాలోని చిన్న లెబనీస్ రెస్టారెంట్‌కి లంచ్‌కి తీసుకొచ్చింది. రెండింటికల్లా అతన్ని వాళ్ల ముందు కూర్చోబెట్టాలి.

అన్నం ముందున్న మనిషికి ఆ మాట ఎలా చెప్పడం? తినడం అవనీ అనుకుంది.

నీరజ్ పళ్లెం తుడిచినట్టు ఖాళీ చేశాడు. ఓనరమ్మ మురిసిపోయి, వేయించిన ఉల్లిపాయలు చల్లిన పప్పన్నం మళ్లీ వడ్డించింది. వంటింట్లోంచి ఆమె భర్త వేడి రొట్టెలు పంపాడు. నీరజ్ అవీ ఊడ్చేశాడు. ఆమె ఇంకో గరిటె వేసింది.

రేణు కుర్చీలో అటూ ఇటూ కదిలింది. ఫోన్ చూసుకుని బోర్లా పెట్టింది. మళ్లీ తీసింది.

“కొంచెం వదిలెయ్ నీరజ్! ప్లేట్ ఖాళీ అయితే ఇంకా ఆకలుందనుకుని పెడుతూనే ఉంటారు వీళ్లు. నన్ను చూడు, సగం వదిలేశా.”

“తెలుసు రేణుగారూ. ఎమ్మెస్ చేసేటప్పుడు నా రూమ్ ఇలాంటి రెస్టారెంట్ పైనే.”

“మరి?”

అతను రొట్టెముక్కతో పళ్లెం అంచు తుడిచాడు.

“పొద్దున నా బ్యాడ్జ్‌కి డోర్ ఓపెన్ కాలేదండీ. సెక్యూరిటీ అతను తీశాడు. మీరు లంచ్ అనగానే అర్థమైంది. మీరు చెప్పారంటే నా హెచ్‌వన్ వీసా పోయినట్టే. తింటున్నంతసేపూ చెప్పరు కదా.”

ఓనరమ్మ గరిటెతో వస్తోంది. రేణు ఫోన్ బ్యాగ్‌లో పడేసింది. తను వదిలేసిందంతా గబగబా తిని, ఖాళీ పళ్లెం ఆమె ముందుకు జరిపింది.