పచ్చదీపం వెలిగిన రోజు

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషనైన వాళ్లున్న ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు గోడకో పెట్టె ఉంటుంది. పొద్దున్నే వేలు పెడితే చాలు, నెత్తుటిబొట్టులోని ప్రొటీన్లు చదివి జబ్బు తిరగబెడుతుందో లేదో చెప్పేస్తుంది. పసుపు దీపమైతే అనుమానం, పచ్చదైతే అభయం.

నా ఆపరేషనయ్యాక రెండేళ్లుగా మాకు పసుపే. దాని పుణ్యమా అని మా ఆయన కాఫీ కలపడం నేర్చుకున్నారు. అత్తగారు గోంగూర పచ్చడి తామే నూరి, "నువ్వు కూర్చోవే తల్లీ" అనేవారు.

ఇవాళ పచ్చదీపం వెలిగింది. అక్కడే కూర్చుని ఏడ్చేశాను. అత్తగారు దేవుడికి దణ్ణం పెట్టి, వెంటనే ఫోనందుకుని వీధిలోని ముత్తయిదువలందరినీ భోజనానికి పిలిచేశారు.

"ఇంతమందికి వంటెవరు చేస్తారత్తయ్యా?"

"నువ్వేనే! నీకు నయమైతే నీ చేత్తోనే బూరెలు వండించి పెడతానని మొక్కుకున్నాను. మొక్కు తప్పితే కళ్లు పోతాయి."

మా ఆయన ఫోనులోంచి తలెత్తకుండానే, "హైమా, కాఫీ" అన్నారు.

జబ్బు మాత్రం ఇక తిరిగి రాదట. మిగతావన్నీ పొద్దున్నే వచ్చేశాయి.