ఏ కాగితంలోనూ లేని పేరు

హిందీ మాట్లాడే బాగ్‌బేరాలో రైలు డ్రైవర్లు పడుకునే రన్నింగ్ రూంలో పైడమ్మది రాత్రి డ్యూటీ. సాయంత్రం నుంచి ఆమె ఫోనులో సిగ్నల్ లేదు. సిమ్‌కార్డుల దుకాణానికి వెళ్తే అక్కడివాడు వింతగా చూశాడు. "మధ్యాహ్నం ఆప్ హీ తో ఆయీ థీ, మాజీ. మీరే వచ్చి, ఆధార్ చూపించి, వేలిముద్ర వేసి ఇదే నంబరుకు కొత్త సిమ్ తీసుకెళ్లారు కదా!" అన్నాడు.

అప్పటినుంచి ఆమె ఒళ్లు మండిపోతోంది. డ్రైవర్లందరూ పడుకున్నాక హాల్లో ఉన్న ఫోనెత్తి తన నంబరుకు తనే చేసింది.

"ఎవులూ?" అంది అవతలి ఆడమనిషి. అచ్చం తన గొంతే.

"నా నంబరు కాజేసి నన్నే ఎవులంతావేటే? నువ్వెవుత్తివి?"

"నాను పైడమ్మని. సింహాద్రి కూతుర్ని."

తండ్రి పేరు ఆధార్ చూసి ఎవరైనా చెబుతారు. పైడమ్మ పళ్లు కొరికింది. ఏ కాగితంలోనూ లేనిది ఒక్కటే ఉంది. ఇరవై ఏళ్ల కిందట పురిట్లోనే పోయిన బిడ్డకు ఆమె మనసులో పెట్టుకున్న పేరు. మొగుడికి కూడా చెప్పలేదు.

"నువ్వు పైడమ్మవైతే నా కూతురి పేరేటో సెప్పవే, దొంగముండా!"

ఆ గొంతు ఫోనుకు దూరంగా జరిగి ఎవరినో పిలిచింది.

"ఓలమ్మీ పగడం, ఇలా రాయే."

"వత్తన్నానమ్మా."

పైడమ్మ రిసీవరు చెవికి అదిమిపెట్టుకుంది. అడుగుల చప్పుడు దగ్గరకొచ్చింది.

"ఫోనులో ఎవులమ్మా?" అని అడిగింది ఆ పిల్ల.

"ఎవుత్తో దొంగది. నీకు అమ్మనంతంది."