ఓటీపీ హాల్లో మోగింది

హైమ దోసె తిరగేస్తుండగా, రొమ్ముల్లోని ఇంప్లాంట్లు మళ్లీ పలికాయి. "మా గడువు ముగిసింది. మార్చాలా, తీసేయాలా?"

"తీసేయండి!" అని అరిచింది హైమ. ఏడాదిగా నొప్పితో పక్కకి తిరిగి పడుకోలేకపోతోంది.

"సరే. ఓటీపీ పంపాం."

అది హాల్లో మోగింది. గ్యాస్ బండకిచ్చినట్టే వీటికీ పెట్టించినప్పుడు భర్త శ్రీపతి నంబరే ఇచ్చారు.

"కొత్తవి పెట్టించుకోవే. తీయిస్తే చూడ్డానికేం బాగుంటుంది?" అన్నాడు శ్రీపతి, ఫోన్లోంచి తలెత్తకుండా.

హైమ కాలుతున్న అట్లకాడతో వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. "అంత ముచ్చటగా ఉంటే మీరే పెట్టించుకోండి. ఓటీపీ చెప్తారా, చెప్పరా?"

శ్రీపతి అట్లకాడ వంక చూస్తూ ఒక్కో అంకే చెప్పాడు.

హైమ రొమ్ములు మర్యాదగా పలికాయి. "శ్రీపతిగారూ, అనుమతిచ్చినందుకు ధన్యవాదాలు."