చేను చూసి విత్తనం

“ఆ సూది నా పెండ్లానికి ఎయ్యొద్దు,” అంటూ పిచ్చయ్య మందుల కౌంటర్ మీది చిన్న డబ్బాను మోచేత్తో అవతలికి నెట్టాడు.

ఖమ్మంలోని ఆ క్యాన్సర్ దవాఖానాలో మందులిచ్చే దానిష్, డబ్బాను మళ్లీ ఇవతలికి జరిపాడు.

“పెద్దాయనా, డాక్టర్ రాసిన మందే ఇది. కంపెనీ వేరు, అంతే. మొదట్ల ఒక్క కంపెనీయే చేసేది, అది చెప్పిందే రేటు. దాని పేటెంట్ హక్కు గడువు తీరినంక నలుగురు చేస్తున్నరు. పోటీ పడి తగ్గిస్తే పావు వంతుకొచ్చింది.”

“పోటీ పడి తగ్గించినోడు కల్తీ చెయ్యక ఏంజేస్తడు? నిరుడు మిర్చి ఇత్తనం గిట్లనే అగ్గువకొచ్చింది. చెట్టు నడుమెత్తు లేచింది. కాయ పడలె.”

“ఇది ఇత్తనం కాదు గద.”

“ఇత్తనమైతే మళ్ల ఏసుకుంట. మనిషిని మళ్ల ఏసుకుంటనా?”

వెనక వరసలో నిలబడ్డవాళ్లు ముసిముసిగా నవ్వారు. దానిష్ నవ్వలేదు.

“ఇదైతే ఏడాది సూదులన్నీ ఇన్సూరెన్సోళ్లే భరిస్తరు. పాత కంపెనీదైతే నాలుగో సూదికే పాలసీ ఒడుస్తది. తర్వాత ఎట్ల?”

“వాళ్ల ఖర్చు తగ్గనీకి నా పెండ్లాం మీద ప్రయోగమా? తర్వాతవి నేను పెట్టుకుంట. చెల్క భూమి అమ్ముత.”

“దాన్ని నిరుడే అమ్మితివి గదయ్యా,” అంది బెంచీ మీద ఒదిగి కూర్చున్న భారతమ్మ. నెల కింద ఆమె రొమ్ము తీసేశారు. కూర్చున్నప్పటి నుంచి కొంగు అటువైపే కప్పుకుంటోంది.

పిచ్చయ్య కౌంటర్ మీదికి వంగాడు. గొంతు తగ్గించి అన్నాడు.

“కొత్త ఇత్తనం అమ్మేటోళ్లు ముందుగాల మమ్మల్ని చేనుకాడికి తోల్కపోతరు. కాపు చూసినంకనే కొంటం. ఈ సూది ఏసుకున్న మనిషిని ఒక్కల్ని చూపియ్యి బాబూ. ఒప్పుకుంట.”

“ఒకరి రోగం సంగతి ఇంకొకరికి చెప్పొద్దు, పెద్దాయనా.”

“ఆయన చెప్పొద్దు, నేను చెప్పొచ్చు గద,” అంది పక్క బెంచీ మీది ఆమె. తలకు నల్ల స్కార్ఫ్ బిగించి కట్టుకుంది. “నా పేరు సర్వరీ బేగం. నాకూ రొమ్ము క్యాన్సరే. ఏడాది సంది ఈ మందే ఎక్కించుకుంటున్న. ఇటు రా అన్నా, చూస్కో.”

దానిష్ ఏదో అనబోయి ఆగిపోయాడు.

పిచ్చయ్య ఆమె ముందు గొంతుకూర్చున్నాడు. కళ్లు చూశాడు. చేతులు చాపమన్నాడు. తెగులుందేమోనని ఆకు తిప్పి చూసినట్టు, అటూ ఇటూ తిప్పి చూశాడు. గోళ్లన్నీ మెహందీతో ఎర్రగా ఉన్నాయి.

“బువ్వ తింటున్నవా చెల్లె?”

“బిర్యానీయే తింటున్న. నాలుక గూడ చూపియ్యాల్నా?”

ఈసారి భారతమ్మ కూడా నవ్వింది.

“ఇంటిది ఆడ కూసోనుంటే నన్ను చూస్తవేంది? పో, జల్దీ సంతకం పెట్టు,” అంది సర్వరీ బేగం.

పిచ్చయ్య లేచి, కౌంటర్ దగ్గర ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టాడు. నర్సు భారతమ్మను లోపలికి తీసుకుపోయింది. అద్దంలోంచి చూస్తే మందు బొట్టుబొట్టుగా దిగుతోంది. చాలా రోజుల తర్వాత అతనికి ఆకలేసింది.

గేటు బయట కొబ్బరిబోండాలు కొట్టించాడు. అప్పుడే సర్వరీ బేగాన్ని ఆమె భర్త జానీ మియా రెండు చేతులతో పట్టుకొని ఆటో ఎక్కిస్తున్నాడు. పిచ్చయ్య ఒక బోండం ఆమె చేతికిచ్చాడు.

“నిన్ను చూసినంకనే ధైర్యమొచ్చింది చెల్లె. వచ్చే నెల సూదికి మేమొస్తం. నువ్వూ వస్తవు గద?”

“అవ్ అన్నా, వస్త.”

రెండడుగులు వేశాక, ఆమెకు స్ట్రా ఇవ్వలేదని గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు. ఆటోలో జానీ మియా మాట వినపడింది.

“వస్తనని ఎందుకు చెప్పినవ్?”

“మరేం చెప్పాలె? ఆ అగ్గువ మందు నువ్వు నాకొద్దంటివి, పాత కంపెనీది పైసల్లేక సగంల ఆగిపాయె, డాక్టర్ ఇగ ఇంటికి తోల్కపొమ్మనె. గదంతా చెప్పాల్నా ఆయనకు?”