రెండు గీతల చుట్టరికం

రెండు లెక్కలు ఏళ్ల తరబడి కలిసి పైకి వెళ్తే, వాటికి చుట్టరికం ఉన్నట్టేనా?

ఈ అనుమానం ప్రొఫెసర్‌ని చాలాకాలంగా తొలుస్తూనే ఉంది.

ధరలూ జీతాలూ కాలం గడిచేకొద్దీ ఎలా కదులుతాయో, దేని వెనక ఏది నడుస్తుందో చెప్పడం ఆయన పని. అందుకు వయసులో ఉండగానే ఒక పద్ధతి కనిపెట్టాడు. దానితోనే పేరొచ్చింది. దానితోనే పదవీ వచ్చింది. అనుమానాన్ని మాత్రం ఎవరితోనూ అనలేదు.

ఒకరోజు నిండు సభలో ఆయన తన పద్ధతి గురించి చెబుతుండగా, అదే అనుమానం వెనక వరుసలోంచి లేచి నిలబడింది.

ఎవరో ముసలాయన. చేతిలో గొడుగు, చెవిలో మిషను.

"బాబూ, చిన్న సందేహం. ఏటేటా నా బట్టతలా పెరిగింది, మా వీధిలో మేడలూ పెరిగాయి. మీ పద్ధతిలో పెడితే ఈ రెంటికీ సంబంధం ఉందనే తేలుతుందేమో?"

అందరూ ప్రొఫెసర్ వైపే చూస్తున్నారు.

"అయితే మేడలు కట్టడం ఆపించండి పెద్దాయనా. జుట్టు మొలుస్తుంది."

హాలంతా గొల్లుమంది.

ముసలాయన కూడా నవ్వాడు. చెవి మిషను తీసి జేబులో వేసుకుని కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక ప్రొఫెసర్‌కి అన్నం సయించలేదు. జరిగింది భార్యకి చెప్పాడు.

"ఆయన అడిగింది తప్పా?"

"కాదు."

"మరి జనాన్ని ఎందుకు నవ్వించారు?"

ఆయన కంచం ముందు నుంచి లేచాడు. పడుకునే ముందు దేవుడికి దండం పెట్టుకోబోతే చేతులు లేవలేదు.

మర్నాడు, ఊళ్లో ఏటేటా అమ్ముడైన సబ్బుల లెక్కనూ, లైబ్రరీకి చేరిన పుస్తకాల లెక్కనూ తన పద్ధతిలో పెట్టి చూశాడు.

సబ్బులకీ పుస్తకాలకీ దగ్గరి చుట్టరికం తేలింది.

తన పద్ధతి ఎక్కడ దారి తప్పుతోందో, ఎలా దిద్దాలో రాసి పరిశోధన పత్రికకి పంపాడు.

"చేతులారా పేరు పోగొట్టుకుంటున్నారు సార్," అన్నాడు శిష్యుడు.

"పోనీవయ్యా."

అచ్చయిన పత్రిక పట్టుకుని, సభ జరిపినవాళ్లను అడిగి, ముసలాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు.

కూతురు తలుపు తీసింది.

"నాన్నగారు పోయి నెల దాటిందండీ."

ప్రొఫెసర్ చేతిలోని పత్రికను ఆమె ముందుకు చాచాడు.

"ఆయన్ని నలుగురిలో నవ్వులపాలు చేశానమ్మా. ఆయన అడిగిందే నిజం. ఆ మాటే ఇందులో రాశాను. చూపించి క్షమాపణ అడుగుదామని వచ్చాను."

ఆమె పత్రిక అందుకుంది. ఆ పేజీ తీసి నిదానంగా చదివింది. కళ్లు తుడుచుకుని, తండ్రి కుర్చీలో పెట్టింది.

"ఈ పత్రిక వచ్చినప్పుడల్లా నాన్నగారు ముందు మీ పేరే వెతికేవారండీ."

"నా పేరెందుకమ్మా?"

"ఈ పద్ధతి మీద మీరు రాసిన మొట్టమొదటి వ్యాసాన్ని పత్రికవాళ్లు, ఎవరో మీకు తెలియనివ్వకుండా, ముగ్గురు పండితుల చేత చదివించారట. తప్పుంది, అవతల పారేయమని ఇద్దరన్నారట. 'తప్పు నాకూ కనపడింది, అయినా అచ్చు వెయ్యండి, ఆ కుర్రాడే ఎప్పటికైనా దిద్దుకుంటాడు' అని పూచీ పడ్డ మూడో మనిషి మా నాన్నగారండీ."