సెల్లార్‌లో సొట్ట

సెల్లార్‌లో నిలిపి ఉంచిన నా పాత కారు తలుపుకి అరచేతి వెడల్పున సొట్ట పడింది. బళ్లన్నీ వాటంతటవే నడవడం మొదలయ్యాక, ఈ పన్నెండేళ్లలో మా అపార్ట్‌మెంట్‌లో ఒక కారు ఇంకో కారుని తాకింది లేదు. అంటే, ఎవరో మనిషి స్టీరింగ్ పట్టాడు. అది నేరం.

"ఇక్కడ స్టీరింగ్ వచ్చినవాడు ఒక్కడే," అన్నారు మావారు. రెండో అంతస్తులో ఉండే రిటైర్డ్ బస్సు డ్రైవరు మల్లేశం గారి పేరు రాసి, పోలీసులకి ఫిర్యాదు సిద్ధం చేశారు. నాకూ ఆయన మీదే అనుమానం. పొద్దున ఆయన లిఫ్టులో ఎదురైతే ముఖం తిప్పుకున్నాను.

సాయంత్రం మల్లేశం గారే కిందికొచ్చి సొట్ట తడిమి చూశారు.

"ముప్పై ఏండ్లు బస్సు నడిపిన, బిడ్డా. ఇది స్టీరింగ్ రానోడు చేసిన పని."

తర్వాత వంగి, నా కారు పక్కన నేలకి అంటుకుపోయిన నిమ్మచెక్క పీకి చూపించారు.

"ఇప్పటి బండ్లు నిమ్మకాయ కనవడితే ఆగిపోతయ్, ఏదో అడ్డమున్నదనుకుంటయ్. తొక్కియ్యాల్నంటే మనిషే నడపాలె. కొత్త బండికి పూజ ఎవలు చేసిన్రు?"

పక్కనున్నది మా కొత్త కారే. శుక్రవారం పూజయ్యాక అది నిమ్మకాయల ముందు మొరాయిస్తే, "నువ్వు పైకెళ్లు, నేను చూసుకుంటా," అన్నారు మావారు. అప్పట్నుంచీ దాని ముందు భాగం గోడవైపే ఉంది.

నేను పక్కనే నిలబడ్డ మావారి వైపు చూశాను. ఆయన ఫిర్యాదు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"పోనీలే, పెద్దాయన మీద కేసెందుకు?" అన్నారు.